ఘాట్ రోడ్డు నుంచి సర్క్యూట్ దాకా: జపాన్‌లో డ్రిఫ్టింగ్ సాధన చరిత్ర

మలుపు తిరిగేటప్పుడు కారు వెనుక చక్రాల పట్టును కావాలనే తప్పించి, బండి పక్కకు జారుతున్నా అదుపు పోనివ్వకుండా మలుపు చివరిదాకా నడిపించే విద్యను డ్రిఫ్టింగ్ అంటారు. అప్పుడు కారు ముక్కు మలుపు లోపలి వైపు చూస్తుంటుంది. ముందు చక్రాలు మాత్రం దానికి ఎదురుగా, కారు నిజంగా పోతున్న దిక్కుకు తిరిగి ఉంటాయి. అదుపు తప్పడానికీ అదుపులో ఉండడానికీ మధ్య ఉన్న సన్నని హద్దు మీద కారును నిలబెట్టే ఈ విద్యకు ఒక రూపం ఇచ్చి, నేర్చుకునే వరుస ఏర్పరచి, పోటీ క్రీడగా తీర్చిదిద్దింది జపాన్. 1970లలో రేసు ట్రాకుల మీద కనిపించి, 1980లలో ఘాట్ రోడ్ల మీద పెరిగి, 2000 తర్వాత సర్క్యూట్లలో స్థిరపడిన ఈ విద్య చరిత్రలో కార్లకూ విజేతలకూ ఎంత ప్రాధాన్యం ఉందో, సాధన జరిగిన చోటుకు అంతకన్నా ఎక్కువ ఉంది. తప్పు చేసి, మళ్ళీ అదే పని చేసి చూసే వీలు ఎక్కడ దొరికితే అక్కడ ఈ విద్య పెరిగింది. ఆ చోటు మారిన ప్రతిసారీ విద్య స్వరూపం కూడా మారింది.

జారుడు వెనుక సూత్రం

టైరు చూసే దిక్కూ అది నిజంగా సాగే దిక్కూ మలుపులో ఒకటి కావు. రెండింటి మధ్య ఒక కోణం ఏర్పడుతుంది. దాన్ని స్లిప్ యాంగిల్ అంటారు. ఆ కోణం పెరిగేకొద్దీ ఒక హద్దు వరకు టైరు పట్టు పెరుగుతుంది, హద్దు దాటాక తగ్గుతుంది. ముందు టైర్లు ముందుగా హద్దు దాటితే స్టీరింగు ఎంత తిప్పినా కారు మలుపు బయటికే పోతుంది. ఇది అండర్‌స్టీర్. వెనుక టైర్లు ముందుగా దాటితే కారు తోక బయటికి ఊగి, బండి బొంగరంలా తిరగబోతుంది. ఇది ఓవర్‌స్టీర్. ఆ తిరుగుడు పూర్తి కాకుండా మధ్యలో పట్టుకుని, అదే స్థితిలో కారును కొనసాగించడమే డ్రిఫ్టింగ్.

అలా కొనసాగించడానికి డ్రైవరుకు ముఖ్యంగా రెండు ఆధారాలున్నాయి. మొదటిది ఎదురు స్టీరింగు. తోక కుడికి జారితే ముందు చక్రాలను కూడా కుడికే తిప్పాలి. రెండోది యాక్సిలరేటర్. వెనుక చక్రాలకు ఇంజిను శక్తి ఎంత ఎక్కువ అందితే అవి అంత ఎక్కువ జారి, కోణం పెరుగుతుంది. కాలు కొంచెం సడలిస్తే పట్టు తిరిగి వస్తుంది. అందుకే వెనుక చక్రాలు నడిపే కారే ఈ విద్యకు సహజమైన బండి. సూత్రం ఇంతే అయినా, ఈ సర్దుబాట్లన్నీ సెకనులో చిన్న భాగంలో, ఆలోచన అవసరం లేకుండా చేతికీ కాలికీ రావాలి. పుస్తకం చదివితే వచ్చే విద్య కాకపోవడానికి కారణం అదే.

రేసు ట్రాకుల మీద మొదటి అడుగులు

కారును జార్చి మలుపు తిప్పడం జపాన్‌లో పుట్టిన ఆలోచన కాదు. 1930లలో ఇటలీ రేసరు టాజియో నువొలారి, 1950లలో అర్జెంటీనాకు చెందిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో వంటివారు నాలుగు చక్రాలనూ కొద్దిగా జార్చుతూ మలుపులు తిరిగేవారు. ఆ కాలపు టైర్లు సన్నగా ఉండేవి. పట్టు హఠాత్తుగా తెగిపోకుండా మెల్లమెల్లగా సడలేది. అందువల్ల అలా తిరగడమే వేగానికి దగ్గరి దారి అయింది. తర్వాత వెడల్పాటి టైర్లు, ఆపైన గాడులు లేని స్లిక్ టైర్లు వచ్చాయి. వాటితో జారకుండా తిరిగిన కారే ముందు పోతుంది కనుక రేసు ట్రాకుల మీద ఆ పద్ధతి వెనుకబడింది. మట్టి, కంకర, మంచు దారుల మీద నడిచే ర్యాలీలలో మాత్రం అది నిలిచింది. మలుపుకు ముందు కారును ఒకసారి ఎదురు వైపుకు విసిరి, ఆ ఊపుతో తోకను తిప్పే పద్ధతిలో ఫిన్లాండ్, స్వీడన్ డ్రైవర్లు ఆరితేరారు. అందుకే దానికి స్కాండినేవియన్ ఫ్లిక్ అన్న పేరు స్థిరపడింది.

జపాన్‌లో ఈ కథ కునిమిత్సు తకహాషితో మొదలవుతుంది. 1940లో పుట్టిన తకహాషి మొదట మోటారు సైకిల్ రేసరు. 1961లో పశ్చిమ జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో హోండా బండి మీద 250 సీసీ గ్రాండ్ ప్రీ గెలిచి, ప్రపంచ స్థాయి మోటారు సైకిల్ గ్రాండ్ ప్రీ గెలిచిన మొదటి జపాన్ రేసరు అయ్యారు. మరుసటి ఏడు ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసులో ఘోర ప్రమాదానికి గురయ్యారు. కోలుకున్నాక కార్ల వైపు మళ్ళి, నిస్సాన్ జట్టులో చేరారు.

1970ల తొలి ఏళ్ళలో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ నడుపుతూ తకహాషి మలుపులోకి చాలా వేగంగా దూరేవారు. మలుపు మధ్యభాగానికి చేరకముందే తోకను జార్చి, కారు ముక్కును బయటికి వెళ్ళే దారి వైపు తిప్పేసేవారు. ముక్కు ముందుగానే తిరిగి ఉండడం వల్ల యాక్సిలరేటర్‌ను తొందరగా తొక్కి, మలుపు నుంచి వేగంగా బయటపడే వీలుండేది. ఆనాటి జపాన్ రేసు టైర్లు అలాంటి నడకకు అనువైనవి. ఆయన దృష్టిలో అది ప్రదర్శన కాదు, వేగం కోసం ఎంచుకున్న దారి. స్టాండ్లలో కూర్చున్న జనానికి మాత్రం పొగ చిమ్ముతూ పక్కకు సాగే ఆ కారు గుర్తుండిపోయింది. అలా చూసి తానూ అలా నడపాలనుకున్నవారిలో కేయిచి త్సుచియా ఒకరు.

త్సుచియా, తేలికపాటి టయోటా

త్సుచియా 1956లో నగానో ప్రాంతంలో పుట్టారు. జపాన్ నడిబొడ్డున ఉన్న కొండల సీమ అది. 1977లో ఫుజి స్పీడ్‌వేలో కొత్తవారి కోసం నడిచే ఫ్రెష్‌మన్ రేసులతో ఆయన పోటీల్లోకి వచ్చారు. జపాన్‌లో అప్పట్లో రేసింగు బాగా ఖర్చుతో కూడిన పని. ట్రాకు మీద గడిపే ప్రతి గంటకూ డబ్బు కట్టాలి, టైర్లకు విడిగా కట్టాలి. కొండ ఊళ్ళ కుర్రాళ్ళకు డబ్బు అడగని చోటు ఒక్కటే ఉంది, రాత్రిపూట ఖాళీగా ఉండే ఘాట్ రోడ్డు. త్సుచియా చేయి తిరిగింది అక్కడే.

ఆయన పేరుతో విడదీయలేనంతగా కలిసిపోయిన కారు టయోటా ఏఈ86. 1983 మేలో కరోలా లెవిన్, స్ప్రింటర్ ట్రూనో అనే రెండు పేర్లతో వచ్చి, 1987 దాకా తయారైంది. ఆ తరం కరోలాలలో చాలావరకు ముందు చక్రాలు నడిపే పద్ధతికి మారిపోగా, ఈ రకం మాత్రం పాత పద్ధతిలో వెనుక చక్రాలతోనే నడిచింది. 1,587 సీసీ ఇంజిను, 130 గుర్రాల శక్తి, టన్నుకు లోపు బరువు. 1984లో ఈ కారుతోనే త్సుచియా ఫ్రెష్‌మన్ రేసులలో వరుసగా గెలిచారు.

నేర్చుకునేవారికి ఈ కారు మంచి గురువు కావడానికి దాని బలహీనతే కారణం. శక్తి తక్కువ కనుక మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కినంత మాత్రాన తోక జారదు. మలుపుకు ముందే వేగం కూడగట్టుకోవాలి. బ్రేకుతో బరువును ముందు చక్రాల మీదికి తేవాలి. సరైన క్షణంలో స్టీరింగు తిప్పాలి. జారడం మొదలయ్యాక ఆ ఊపు వృథా కాకుండా కాపాడుకోవాలి. ఒక్క అడుగు తప్పినా కారు నిలబడిపోతుంది లేదా గిర్రున తిరుగుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. బండి తేలిక కనుక ఆ తిరుగుడును సర్దుకోవడమూ సాధ్యమే. పాత కార్ల సంతలో చవకగా దొరకడం ఇంకో మేలు.

ఘాట్ రోడ్ల బడి

జపాన్ నేలలో దాదాపు నాలుగింట మూడు వంతులు కొండలే. ఆ కొండలను దాటే మెలికల దారులను తోగె అంటారు. టోక్యోకు నైరుతిన హకొనె, నిక్కో దగ్గర ఇరోహజాక, కోబె వెనుక రొక్కో, గున్మా, నగానో ప్రాంతాల సరిహద్దులో ఉసుయి కనుమ, ఇవన్నీ ఆ రోజుల్లో పేరుబడ్డ చోట్లు. ఉసుయి పాత రహదారిలో మలుపులకు వరుస అంకెల బోర్డులు ఉన్నాయి. మొత్తం 184 మలుపులు. పక్కన బైపాస్ వచ్చాక పాత దారిలో వాహనాలు పలచబడ్డాయి. రాత్రి అయితే దాదాపు ఎవరూ ఉండరు.

1980లలో జపాన్ ఆర్థికంగా ఉప్పొంగుతున్న కాలం. కుర్రాళ్ళ చేతిలో జీతం డబ్బు ఆడింది, వెనుక చక్రాలతో నడిచే చిన్న కార్లు మార్కెట్లో విరివిగా దొరికాయి. శనివారం రాత్రులు కొండ మీద కార్లు గుమిగూడేవి. మొదట్లో అక్కడ జరిగింది పందెం, ఎవరు ముందు కిందికి దిగుతారన్నదే లెక్క. క్రమంగా కొందరికి ఆ లెక్క కన్నా మలుపును ఎంత కోణంతో, ఎంత నిండుగా, ఎంత అందంగా తిరిగారన్నది ముఖ్యమైంది. మలుపు బయటి అంచున నిలబడి చూసే జనం దానికి న్యాయనిర్ణేతలు. బాగా తిరిగితే చప్పట్లు కొట్టేవారు, తేలిపోతే మౌనంగా ఉండిపోయేవారు. వేగాన్ని గడియారం కొలుస్తుంది, ఈ కొత్త విద్యను కళ్ళు కొలిచాయి. డ్రిఫ్టింగ్ రేసింగు నుంచి విడిపోయింది ఇక్కడే.

ఈ బడిలో పాఠ్యపుస్తకం లేదు. కొత్తవాడు ముందు జనంలో నిలబడి చూసేవాడు. తర్వాత అనుభవం ఉన్నవాడి పక్క సీట్లో కూర్చుని, ఏ చెట్టు దగ్గర బ్రేకు తొక్కుతున్నాడో, ఏ క్షణంలో చేతులు కదులుతున్నాయో గమనించేవాడు. ఆపైన తన కారుతో ఒకే మలుపును పట్టుకుని, పైకి వెళ్ళి దిగడం, మళ్ళీ వెళ్ళి దిగడం చేసేవాడు. జట్లు ఏర్పడ్డాయి. జట్టు పేరు స్టిక్కరుగా అద్దం మీద అంటించుకోవాలంటే దానికి తగ్గ చేయి చూపించాలి. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు నేర్పే ఈ వరుస వల్ల ఒకరికి తెలిసిన మెళకువ ఒక ప్రాంతమంతా పాకింది.

ఈ బడికి చెల్లించిన మూల్యం మాత్రం చాలా పెద్దది. ఒక వైపు రాతి గోడ, ఇంకో వైపు లోయ ఉన్న దారిలో చిన్న పొరపాటుకు కూడా ప్రాణం బలి కావచ్చు. మలుపు అవతల నుంచి ఏ సంబంధమూ లేని మనిషి ఎదురు రావచ్చు. చూడడానికి వచ్చి అంచున నిలబడ్డవారికీ రక్షణ లేదు. కొండ ఊళ్ళవారికి రాత్రంతా టైర్ల అరుపులే. సాధనకు వేరే చోటు లేకపోవడం ఈ దశకు కారణమే కానీ, దానికి సమర్థన కాదు. గుంపుగా ప్రమాదకరంగా వాహనాలు నడపడాన్ని జపాన్ రోడ్డు ట్రాఫిక్ చట్టం 1978 సవరణతోనే నిషేధించింది. పోలీసులు రాత్రి గస్తీలు పెంచారు. రోడ్డు మధ్యలో స్తంభాలు, మలుపుల్లో ఎత్తు గీతలు, గరుకు పూతలు వచ్చాయి. కొన్ని దారులను రాత్రిపూట మూసేశారు. ప్రమాదకరమైన డ్రైవింగుతో మరణానికో గాయానికో కారణమైనవారికి కఠిన శిక్ష వేసే ప్రత్యేక నేరాన్ని 2001లో శిక్షాస్మృతిలో చేర్చారు.

వీడియో, పత్రిక

1987లో ప్లస్పీ అనే వీడియో వచ్చింది. ఉసుయి కొండ దారి మీద త్సుచియా తన ఏఈ86ను నడిపిన తీరు అందులో ఉంది. ప్రజలు వాడే రోడ్డు మీద అలా నడిపినందుకు ఆయన రేసింగు లైసెన్సు కొంతకాలం నిలిపివేతకు గురైంది. ఆ వీడియో మాత్రం దేశమంతా చేతులు మారింది. ఆయనకు డ్రిఫ్ట్ కింగ్ అన్న బిరుదు అంటుకుంది.

సాధన చరిత్రలో ఈ వీడియో ఒక మలుపు. అప్పటిదాకా నేర్చుకోవాలంటే ఆ కొండ మీద, ఆ రాత్రి, ఆ మనిషి పక్కన ఉండాలి. ఇప్పుడు హొక్కైదోలోని కుర్రాడైనా, క్యూషూలోని కుర్రాడైనా ఇంట్లో టేపును వెనక్కి తిప్పి, నెమ్మదిగా నడిపి, చేతులు ఎప్పుడు కదిలాయో, కారు ఎప్పుడు ఊగిందో ఎన్నిసార్లైనా చూడగలిగాడు.

పత్రికలు దీన్ని ముందుకు తీసుకువెళ్ళాయి. దైజిరో ఇనాడ 1981లో మొదలుపెట్టిన ఆప్షన్ పత్రిక, దానికి తోడుగా వచ్చిన వీడియో ఆప్షన్ టేపులు కార్లకు మార్పులు చేసుకునే విధానాలనూ నడిపే మెళకువలనూ ఇంటింటికీ చేర్చాయి. 1980ల రెండో సగం నుంచి పత్రికలే సర్క్యూట్లను అద్దెకు తీసుకుని డ్రిఫ్ట్ పోటీలు పెట్టసాగాయి. కొండ మీద పేరు తెచ్చుకున్న జట్లు ట్రాకు మీదికి దిగివచ్చాయి. త్సుచియా వంటివారు న్యాయనిర్ణేతలుగా కూర్చుని, ఎవరి కోణం చాలలేదో, ఎవరు తొందరపడి ముందే తోక తిప్పారో మైకులో అక్కడికక్కడే చెప్పేవారు. చప్పట్ల తీర్పు స్థానంలో కారణాలు చెప్పే తీర్పు వచ్చింది. ఏది ఎందుకు బాగుందో మాటల్లో పెట్టడం మొదలైన తర్వాతే డ్రిఫ్టింగ్‌కు నేర్పగలిగే విద్య రూపం వచ్చింది.

మెళకువలు, వాటి వరుస

ఈ కాలంలోనే తోకను జార్చే మార్గాలకు పేర్లు స్థిరపడ్డాయి. బ్రేకు నొక్కి బరువును ముందుకు తెచ్చి, తేలికపడిన వెనుక చక్రాలను స్టీరింగుతో జార్చితే బ్రేకింగ్ డ్రిఫ్ట్. మలుపు ముందు హ్యాండ్‌బ్రేకు క్షణకాలం లాగి వెనుక చక్రాలను బిగించితే సైడ్‌బ్రేక్ డ్రిఫ్ట్. ఇంజిను వేగం పెంచకుండా కింది గేరుకు దించి, క్లచ్చు వదలడంతో వెనుక చక్రాలను ఆపినంత పని చేస్తే షిఫ్ట్ లాక్. కారును ముందు ఎదురు వైపుకు ఊపి, తిరిగి వచ్చే ఊపుతో తోక తిప్పితే ఫెయింట్. యాక్సిలరేటర్ తొక్కి ఉండగానే క్లచ్చును ఒక్కసారి నొక్కి వదిలి, ఆ కుదుపుతో వెనుక చక్రాల పట్టు తెంచితే క్లచ్ కిక్. ఇంజిను శక్తితోనే జార్చితే పవర్ ఓవర్. తిన్నని దారిలో కారును ఇటూ అటూ ఊపుతూ పోవడాన్ని మంజి అంటారు. వీటన్నిటికీ ముందు రావలసింది హీల్ అండ్ టో. కుడి కాలి ముందు భాగంతో బ్రేకు నొక్కుతూనే, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను తట్టి గేరు దించే పని అది.

నేర్చుకునే వరుస కూడా క్రమంగా కుదిరింది. మొదటి మెట్టు విశాలమైన మైదానం, వీలైతే తడిసిన నేల. తడిలో పట్టు తక్కువ వేగంలోనే తప్పుతుంది కనుక తప్పు జరిగినా నష్టం తక్కువ, టైర్లూ తొందరగా అరగవు. మధ్యలో ఒక కోన్ పెట్టి, దాని చుట్టూ కారును గుండ్రంగా జార్చుతూ తిప్పాలి. దీన్ని స్థిరవృత్తం అంటారు. ఒకే వేగంతో, ఒకే కోణంతో వృత్తం గీయగలిగితే యాక్సిలరేటర్ కాలికి లొంగినట్టు లెక్క. కాలు కొద్దిగా ఎక్కువ తొక్కితే వృత్తం చెదురుతుంది, తక్కువ తొక్కితే కారు పట్టు దొరకబుచ్చుకుని తిన్నగా పోతుంది.

రెండో మెట్టు ఎనిమిది అంకె. రెండు కోన్ల చుట్టూ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి జార్చాలి. ఇందులో కష్టమంతా రెండు వృత్తాలు కలిసే చోట ఉంది. తోక ఒక వైపు నుంచి రెండో వైపుకు మారేటప్పుడు స్టీరింగు చాలా వేగంగా తిరగాలి. చేతులతో పట్టి తిప్పబోతే ఆలస్యమవుతుంది. ముందు చక్రాలకు తమంతట తాము కారు పోయే దిక్కుకు తిరిగే గుణం ఉంది. స్టీరింగును వదులుగా వేళ్ళ మధ్య జారనిచ్చి, సరైన చోట పట్టుకోవాలి. పట్టు వదలడానికి ధైర్యం కావాలి, పట్టుకోవడానికి లెక్క కావాలి. ఎక్కువమంది ఆగిపోయే మెట్టు ఇదే.

చూపుకు ఒక నియమం ఉంది. కారు ముక్కు ఎటు చూస్తుందో అటు కాక, కారు వెళ్ళవలసిన చోటును చూడాలి. డ్రిఫ్టులో ఆ చోటు చాలాసార్లు పక్క కిటికీలోంచి కనిపిస్తుంది. గోడను చూసినవాడి చేతులు గోడ వైపే తిరుగుతాయి.

మూడో మెట్టు ఒంటరి మలుపు. హ్యాండ్‌బ్రేకుతో మొదలుపెట్టి, తర్వాత బ్రేకింగ్, ఫెయింట్, క్లచ్ కిక్ పద్ధతులకు మారాలి. నాలుగోది మలుపులను కలపడం. ఒక మలుపు జారుడు చల్లారకముందే తోకను ఎదురు వైపుకు మార్చి తర్వాతి మలుపులోకి తీసుకువెళ్ళాలి. చివరిది ఇంకో కారుతో జతగా నడపడం. ప్రతి మెట్టు దగ్గరా వేగం పెంచే ముందు నిలకడ రావాలన్నది అనుభవజ్ఞుల మాట. పదిసార్లలో ఒకసారి అందంగా తిరిగినవాడు నేర్చుకున్నవాడు కాడు. పదిసార్లూ ఒకేలా తిరిగినవాడే తర్వాతి మెట్టుకు అర్హుడు.

కారుకు చేసే మార్పుల్లో ముందుగా కావలసింది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారులో బరువు తగ్గిన లోపలి చక్రం ఒంటరిగా గిరగిరా తిరిగి శక్తినంతా వృథా చేస్తుంది. రెండు వెనుక చక్రాలూ కలిసి తిరిగితేనే జారుడు నిలకడగా ఉంటుంది. తర్వాతి ఖర్చంతా వెనుక టైర్లదే. డబ్బు తక్కువ ఉన్న సాధకులు వాడిన టైర్లు కొని, వెనుక సీట్లో పేర్చుకుని ట్రాకుకు వచ్చేవారు. ఉన్నవి అరిగిపోతే అక్కడే విప్పి మార్చుకునేవారు.

1988లో వచ్చిన ఎస్13 నిస్సాన్ సిల్వియా సాధకుల ప్రపంచాన్ని మార్చేసింది. వెనుక చక్రాల నడక, సులువుగా లొంగే నిర్మాణం, టర్బో ఇంజిను ఒకే బండిలో దొరికాయి. 1991లో రెండు లీటర్ల టర్బో ఇంజిను వచ్చాక శక్తి 205 గుర్రాలకు చేరింది. తర్వాత వచ్చిన ఎస్14, ఎస్15 రకాలతో కలిసి, 2002లో తయారీ ఆగేదాకా సిల్వియా డ్రిఫ్టర్ల మొదటి ఎంపిక. శక్తి ఎక్కువ కనుక నేర్చుకోవడం కొంత సులువైంది. జారుడు చల్లారుతున్నట్టనిపిస్తే యాక్సిలరేటర్ ఆదుకునేది.

ఎబిసు: సాధనకు దొరికిన చోటు

ఘాట్ రోడ్డుకు నిజమైన ప్రత్యామ్నాయంగా నిలిచిన చోటు ఫుకుషిమా ప్రాంతంలోని నిహొన్‌మత్సు కొండల మీద ఉన్న ఎబిసు సర్క్యూట్. పక్కనే తొహొకు సఫారీ పార్కు ఉంది. ఒక పెద్ద ట్రాకుకు బదులు రకరకాల చిన్న కోర్సులు ఒకే ఆవరణలో ఉండడం దీని ప్రత్యేకత. కొత్తవారు తిరిగే మెత్తని కోర్సు ఒకటి, కొండ దారిని తలపించే ఎగుడుదిగుడు కోర్సు ఇంకొకటి, గోడను ఆనుకుని దూకుతూ దిగే దక్షిణ కోర్సు వేరొకటి. మెట్టు మెట్టుగా ఎదగడానికి కావలసినవన్నీ నడిచిపోయేంత దూరంలోనే ఉన్నాయి. సర్క్యూట్‌ను నడిపిన నోబుషిగె కుమాకుబొ స్వయంగా పేరున్న డ్రిఫ్టరు, డీ1 అనే ప్రొఫెషనల్ డ్రిఫ్ట్ సిరీస్‌లో 2006 విజేత.

ఏటా కొన్నిసార్లు ఇక్కడ డ్రిఫ్ట్ మత్సురి అనే వేడుక జరుగుతుంది. రుసుము కట్టినవారికి కోర్సులన్నీ పగలూ రాత్రీ తెరిచి ఉంటాయి. పోటీ లేదు, బహుమతి లేదు, తిరిగినంతసేపూ తిరగవచ్చు. ఒక రోజులో ఇక్కడ దొరికే సాధన, కొండ మీద దొంగచాటుగా కొన్ని నెలలు తిరిగినా దొరకదు. విదేశాల నుంచి వచ్చి, పాత కారొకటి కొనుక్కుని వారాల తరబడి ఉండి నేర్చుకునేవారి వల్ల ఎబిసు అంతర్జాతీయ బడి అయింది. 2021 ఫిబ్రవరి భూకంపంలో కొండచరియ విరిగి ఇక్కడి డ్రిఫ్ట్ కోర్సు మీద పడింది. మట్టి తొలగించి, కోర్సులను మళ్ళీ తీర్చిదిద్దారు.

డీ1, జత పరుగు

ఇనాడ, త్సుచియా కలిసి 2000 అక్టోబరులో ఎబిసులోనే ఒక ప్రొఫెషనల్ డ్రిఫ్ట్ పోటీ నిర్వహించారు. 2001 నుంచి అది డీ1 గ్రాండ్ ప్రీ పేరుతో ఏడాది పొడవునా నడిచే సిరీస్ అయింది. మొదటి ఏడాది విజేత నోబుతెరు తనిగుచి ఎస్15 సిల్వియా నడిపారు. 2002లో కత్సుహిరో ఉయేవో ఏఈ86తో విజేత అయ్యారు. టర్బో కార్ల నడుమ ఆ చిన్న కారు గెలవడం, శక్తి లేనిచోట మెళకువ ఎంతదూరం తీసుకుపోగలదో చూపించింది.

డీ1లో రెండు దశలున్నాయి. ఒంటరి పరుగులో వేగం, కోణం, ఎంచుకున్న దారి, తీరు చూసి మార్కులు వేస్తారు. తర్వాతి దశ జత పరుగు. ముందు కారు తన దారిలో తాను జారుతూ పోతుంది. వెనుక కారు దానికి వీలైనంత దగ్గరగా, అదే కోణంతో జారాలి. తర్వాత స్థానాలు మారతాయి. దీనితో సాధనకు కొత్త అర్థం వచ్చింది. ఘాట్ రోడ్డు డ్రిఫ్టరు తన కారును, తన మలుపును తెలుసుకుంటే చాలు. జత పరుగులో ఎదుటివాడి బ్రేకు, అతని ఊపు, అతని పొరపాటు కూడా ముందే పసిగట్టాలి. ముందున్నవాడు పొగలో కనిపించకపోయినా నమ్మకంగా అనుసరించాలి. అందుకే జట్లలో ఏళ్ళ తరబడి ఒకరి నడక ఒకరికి తెలిసినవారు కలిసి సాధన చేస్తారు. తీర్పులో మనిషి కంటి మీద ఆధారపడడం తగ్గించడానికి 2010లలో వేగాన్నీ కోణాన్నీ కొలిచే యంత్ర పద్ధతిని డీ1 ప్రవేశపెట్టింది. సాధకులకు కూడా తమ పరుగును అంకెల్లో చూసుకునే వీలు దొరికింది.

దేశం దాటిన విద్య

2003లో డీ1 కాలిఫోర్నియాలోని ఇర్విన్‌డేల్ స్పీడ్‌వేలో పోటీ నిర్వహించింది. మరుసటి ఏడు అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ సిరీస్ మొదలైంది. అప్పటికే షుయిచి షిగెనో గీసిన ఇనిషియల్ డీ బొమ్మల కథ ఈ విద్యను ఇంటింటికీ చేర్చింది. 1995 నుంచి 2013 దాకా వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆ కథలో నాయకుడు తండ్రి దుకాణం తోఫూను ఏఈ86లో కొండ మీదికి చేరవేస్తూ, రోజూ అదే దారిలో తిరిగి నైపుణ్యం సంపాదిస్తాడు. కథలోని అకినా కొండకు ఆధారం గున్మాలోని హరునా కొండ. 2006లో టోక్యో డ్రిఫ్ట్ సినిమా హాలీవుడ్ ప్రేక్షకులకు ఈ విద్యను పరిచయం చేసింది. అందులో త్సుచియా ఒక చిన్న పాత్రలో కనిపిస్తారు. 2017లో అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య టోక్యోలోని ఒదైబాలో ఖండాంతర డ్రిఫ్టింగ్ కప్ నిర్వహించడంతో ఈ క్రీడకు అధికారిక గుర్తింపు వచ్చింది. మొదటి విజేత మసాతో కవబత. 2016లో యూఏఈలోని ఫుజైరా విమానాశ్రయం రన్‌వే మీద గంటకు 304.96 కిలోమీటర్ల వేగంతో డ్రిఫ్ట్ చేసి గిన్నిస్ రికార్డు నెలకొల్పింది కూడా ఆయనే.

ఎదిగిన పోటీ కొత్త చిక్కు తెచ్చింది. పోటీ కార్ల శక్తి వెయ్యి గుర్రాలకు చేరింది, ఒక రోజు సాధనకు పదుల టైర్లు కావాలి. దీనికి జవాబుగా కింది మెట్లు ఏర్పడ్డాయి. మామూలు రోడ్డు కార్లతో పాల్గొనే పోటీలు, ప్రాంతీయ సిరీస్‌లు, వాటి నుంచి లైసెన్సు సంపాదించి పైకి వచ్చే దారి డీ1 వ్యవస్థలో భాగమయ్యాయి. 2012లో టయోటా 86 పేరుతో వెనుక చక్రాలు నడిపే కారును మళ్ళీ తెచ్చినప్పుడు, పాత ఏఈ86 స్థానంలో కొత్త తరానికి ఒక బండి దొరికింది. ఇంట్లో కూర్చుని చేసే సిమ్యులేటర్ సాధన ఇంకో మెట్టు అయింది. ఎదురు స్టీరింగు వేగం, చూపు, తోక మార్చే సమయం అక్కడ ఖర్చు లేకుండా, ప్రమాదం లేకుండా అలవడతాయి. కారు కదలికను వెన్నుతో, సీటుతో పసిగట్టే గుణం మాత్రం నిజమైన ట్రాకు మీదే వస్తుంది.

తకహాషి రేసు గెలవడానికి కారును జార్చారు. త్సుచియా తరం జార్చడంలో ఉన్న ఆనందం కోసం కొండ మీద సాధన చేసింది. ఎబిసు, డీ1 తరం అదే సాధనను చట్టం లోపల, పక్కవాడికి హాని లేని చోట, అందరికీ అందుబాటులోకి తెచ్చింది. మొదటి రెండు తరాల ప్రతినిధులైన తకహాషి, త్సుచియా 1995లో అకిరా ఈదతో కలిసి ఒకే హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ కారు పంచుకుని, ల మాన్ 24 గంటల రేసులో జీటీ2 తరగతి గెలిచారు. అప్పటికి తకహాషికి 55 ఏళ్ళు. ఆయన 2022లో కన్నుమూశారు. నేడు డ్రిఫ్టింగ్ నేర్చుకోవాలనుకునేవారికి రాత్రి కొండ దారితో పని లేదు. తడిసిన మైదానం, రెండు కోన్లు, నిలకడ వచ్చేదాకా వేగం పెంచని ఓపిక ఉంటే మొదటి మెట్టు ఎక్కవచ్చు. మిగిలిన మెట్ల కోసం రక్షణ ఏర్పాట్లున్న సర్క్యూట్లు తెరిచి ఉన్నాయి.